మేజర్ గారికి మొగలంక సన్మానం

నమోదు 1

కరెంటు ఉంది. లింకు ఉంది. ఆకాశంలో మబ్బులు బోలెడున్నాయి, మావి మాత్రం కావు.

పై మూడు ముక్కలూ రూలు ప్రకారం రాశాను. ఇక నుంచి నా ఇష్టం. నా పేరు కనకవల్లి. మొగలంక చర్చా కేంద్రంలో లింకు ఆపరేటర్ని. గోదారి సముద్రంలో కలిసే చోట మిగిలిన ఆఖరి లంక మాది. ఈ చిట్టా రోజూ రాయాలని ఉత్తరపు ధనిక దేశాల కూటమి వాళ్ళ హుకుం. నెలకోసారి వాళ్ళ గుమస్తా వచ్చి పేజీ నిండిందా లేదా అని చూసి సంతకం గీకి పోతాడు. చదివే ఓపిక ఆయనకు లేదు, భాషా రాదు. అందుకని కడుపులో ఉన్నదంతా ఇందులోనే కక్కుతూ ఉంటాను.

పొద్దున్నే పాత్రల తనిఖీ అయింది. ఇద్దరు సైనికులు బూట్లతో తిన్నగా వంటింట్లోకి వచ్చేశారు. తలుపు కొట్టడం వాళ్ళ డ్యూటీలో లేదు. బిందెల మూతలు తీసి, లోపల పుల్లలు ముంచి చూశారు. ప్యాకెట్ నీళ్ళకీ, ఆకాశం నుంచి దొంగతనంగా పట్టుకున్న నీళ్ళకీ తేడా ఆ పుల్ల పట్టేస్తుంది. వదలకుండా పులుసు గిన్నెలో కూడా ముంచారు. చింతపండుకి ఏ రంగు తిరగాలో ఆ పుల్లకి తెలీదు పాపం, కాసేపు ఊదాగా, కాసేపు ఎర్రగా అయింది. అనుమానం వచ్చి గిన్నెతో సహా పట్టుకుపోయారు. మధ్యాహ్నం మేం ఆవకాయతో సరిపెట్టుకున్నాం.

ఒడ్డున రెండు మబ్బు స్తంభాలున్నాయి. నైరుతి మబ్బులన్నీ వాటి చుట్టూ చేరతాయి. అక్కడే వాటిని పిండి ఓడల్లోకి పోస్తారు, ఓడలు ఉత్తరానికి వెళ్ళిపోతాయి. అక్కడ వాళ్ళ పచ్చికబయళ్ళకి, ఈతకొలనులకి సరిపోగా మిగిలింది ప్యాకెట్లలో మళ్ళీ మాకే అమ్మకానికి వస్తుంది. మేఘయుద్ధం రోజుల్లో ఈ స్తంభాల్ని శత్రువుల నుంచి కాపాడతామని కూటమి సైన్యం దిగింది. శత్రువులు తొమ్మిదేళ్ళ కిందటే ఓడిపోయి ఇంటికెళ్ళారు. కాపాడేవాళ్ళు ఉండిపోయారు.

సాయంత్రం ఆ సైన్యం అధికారి మేజర్ వార్నిక్ కేంద్రానికి వచ్చి ఊరందరికీ వినబడేట్టు మైకులో ప్రకటన చేశారు. ఆయన మెడలో ఒక అనువాదం పెట్టె ఉంటుంది. ఆయన మామూలుగానే మాట్లాడతారు, పెట్టె మాత్రం పాతకాలపు పంతులుగారిలా పలుకుతుంది. "మొగలంక వాస్తవ్యులారా! మూడవ స్తంభము మీ పాఠశాల స్థలమున నిర్మింపబడును. అనుమతి పొడిగింపబడిన వెంటనే మీరు లంకను ఖాళీ చేయవలెను. మెట్ట ప్రాంతమున మీకు రేకుల వసతి కలదు."

పక్కనున్న పెదలంకని రెండో స్తంభం కోసం ఇలాగే ఖాళీ చేయించారు. మా అక్క కుటుంబం ఆ రేకుల కిందే ఉంది. కిందటి వేసవిలో మా బావ ఆ వేడికే పోయాడు. ప్రకటన అయ్యేదాకా మైకు మీట పట్టుకుని ఉన్నది నేనే.

నమోదు 2

కరెంటు ఉంది. లింకు ఉంది. ఓపిక లేదు.

ఇవాళ ఊరంతా మా కేంద్రంలోనే మీటింగు. కూటమి ఇక్కడ ఉండటానికి, దేశాలన్నీ లింకులో కూర్చునే ప్రపంచ చర్చ ఇచ్చిన అనుమతి వచ్చే పౌర్ణమి నాటి సూర్యాస్తమయంతో ముగుస్తుంది. ఆ రోజే చర్చ జరిపి, ఓటు పెట్టి, ఇంకో ఏడాది పొడిగిస్తారు. ఓటు ఎటు పడుతుందో ఉయ్యాల్లో పిల్లని అడిగినా చెబుతుంది. ఎందుకంటే చర్చలో ఎవరు ఎంతసేపు మాట్లాడాలన్నది వాళ్ళ ఆదాయాన్ని బట్టి ఉంటుంది. ఓట్ల లెక్కా అంతే. కూటమికి పూటంతా ఇచ్చారు. మాకు ఒక్క నిమిషం.

ఆ నిమిషం ఎవరికివ్వాలన్నదే గొడవ. పోయినేడాది భీమశంకరం గారికిచ్చి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాం. భీమశంకరం గారంటే ఈ లంకలో పెళ్ళి నుంచి పెద్దకర్మ దాకా మైకు ముందు నిలబడే మనిషి. సభ ఎక్కడుంటే ఆయన అక్కడుంటారు. పోయినేడాది "సభకు నమస్కారం" అని మొదలెట్టి, ముందు మేజర్ గారిని ఆకాశానికెత్తి, ఆ తర్వాత వేదిక మీదున్న మన పెద్దలకీ, వేదిక కింద ఉన్న పెద్దలకీ, కుర్చీలు మోసినవాళ్ళకీ, మైకు సెట్టు ఇచ్చిన సత్తిబాబుకీ పేరుపేరునా నమస్కారాలు చెప్పి, "ఇక అసలు విషయానికొస్తే..." అన్నారు. టక్కున లింకు పోయింది. మా గురించి ప్రపంచానికి తెలిసిన అసలు విషయం మైకు సెట్టు సత్తిబాబుదని మాత్రమే.

అప్పట్నుంచి ఆయన వీధిలో కనబడితే చాలు, అరుగు మీదున్న వాళ్ళు "ఇక అసలు విషయానికొస్తే!" అని మొదలెడతారు. ఆయన కూడా నవ్వేసి పోతారు. లోపల ఎంత గుచ్చుకుంటుందో నాకు తెలుసు, ఎందుకంటే ఆ తర్వాత ఆయన పెళ్ళిళ్ళలో మైకు పట్టుకోవడం మానేశారు.

"నిమిషం సేపు అందరం కలిసి ఏడుద్దామండి," అన్నాడు సత్తిబాబు.

"ఏడుపుకి అనువాదం ఉండదురా," అన్నారు భీమశంకరం గారు.

"అయితే తిడదాం."

"తిడితే లింకు కోసేస్తారు. ఏవమ్మా వల్లీ, అంతేనా?"

అంతే అన్నాను. ఏ సంగతీ తేలకుండానే అందరూ లేచారు. ఒక నిమిషంలో చెప్పగలిగేంత చిన్నగా మా కష్టం ఎవరికీ దొరకలేదు.

నమోదు 3

కరెంటు పోయి వచ్చింది. లింకు ఉంది. బుర్ర ఇవాళ కొంచెం పనిచేసింది.

ఎవరెంతసేపు మాట్లాడారో లెక్కపెట్టే మాట గడియారం తుడుస్తుంటే పోయినేడాది సంగతి ఒకటి గుర్తొచ్చింది. భీమశంకరం గారు మేజర్ గారిని పొగుడుతున్నంతసేపూ గడియారం కదల్లేదు. పాడైందనుకుని నేను దాని నెత్తి మీద రెండు మొట్టాను. ఆయన మన పెద్దల పేర్లు ఎత్తుకోగానే పరిగెత్తింది. అప్పుడు నా మొట్టికాయల మహిమే అనుకున్నాను.

వెంటనే ప్రపంచ చర్చ సహాయ కేంద్రానికి లింకు కలిపి, గడియారం ఎందుకు ఆగిందని అడిగాను. ఒక యంత్రం చక్కటి ఆడగొంతుతో పలికింది.

"సంరక్షక సేనను గౌరవించే మర్యాదలు మాట్లాడే సమయంలోకి రావు," అంది. సంరక్షక సేన అంటే కూటమి సైన్యమే.

"ఎంతసేపైనానా?"

"పరిమితి లేదు. పరిమితి పెట్టేంతగా ఇంతవరకు ఎవరూ గౌరవించలేదు."

"మధ్యలో అధ్యక్షులు ఆపేస్తే?"

"గౌరవాన్ని ఆపడం సంరక్షక సేనను అవమానించడం అవుతుంది. అందుకునేవారు ఇది గౌరవం కాదు, నాకు వద్దు అంటేనే ఆపుతారు."

"గౌరవం జరుగుతుండగా ఓటు పెట్టొచ్చా?"

"పెట్టకూడదు."

"ఓటు పడకుండానే పొద్దు గూకితే?"

"అనుమతి ముగుస్తుంది. స్తంభాలు ఆపాలి. సేన వెళ్ళిపోవాలి. మళ్ళీ చర్చ వచ్చే ఏడాదే. మీకు ఇంకేమైనా సహాయం కావాలా?"

"చాలా చేశావు తల్లీ," అని లింకు కట్టేసి, చెప్పులు కూడా వేసుకోకుండా భీమశంకరం గారింటికి పరిగెత్తాను. ఆయన తాటాకు విసనకర్రతో వీపు గోక్కుంటున్నారు. విషయమంతా చెప్పాను. విసనకర్ర పక్కన పెట్టారు.

"అమ్మాయ్, ఎంతసేపు పొగడాలి?"

"పొద్దు గూకే దాకా అండి."

"అంతేనా?" అన్నారు.

ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం చూసి నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

నమోదు 4

కరెంటు ఉంది. లింకు ఉంది. మేజర్ గారు బుట్టలో పడ్డారు.

నేనూ, భీమశంకరం గారూ, పళ్ళెంలో తాంబూలమూ కలిసి మేజర్ గారి ఆఫీసుకి వెళ్ళాం. ఆ ఆఫీసు ఒకప్పుడు మా పంచాయతీ విశ్రాంతి భవనం. మేజర్ వార్నిక్ మరీ చెడ్డవాడేమీ కాదు. పూతరేకులు ఇష్టంగా తింటారు, తినేటప్పుడు మీసాలకి పొడి అంటుకుంటే సిగ్గుపడతారు. తనిఖీలకీ తుపాకులకీ సంతకం పెట్టేది కూడా ఆయనే.

"సన్మానమనగా నేమి?" అని అడిగింది పెట్టె.

"గొప్పవారిని కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పడమండి," అన్నారు భీమశంకరం గారు.

"ఈ ఉష్ణమున శాలువా ఏల?"

"గౌరవం కొంచెం వెచ్చగానే ఉంటుందండి."

ఆయన కంటే ముందున్న మేజరుకి ఒక గ్రామం వాళ్ళు ఇత్తడి ఫలకం ఇస్తే, అది చూపించి పదోన్నతి కొట్టేశాడని సైనికులు చెప్పుకుంటారు. మా వార్నిక్ గారికి ఇంతవరకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ప్రపంచమంతా చూస్తుందా అని అడిగారు. చూస్తుందన్నాం. పై అధికారులకి కబురంపారు. వాళ్ళు ఎగిరి గంతేశారట. ఏటేటా అనుమతి అడిగేటప్పుడు "స్థానిక ప్రజల అపార అభిమానం" అని ఒక మాట రాసుకుంటారు వాళ్ళు. ఆ అభిమానాన్ని ఇంతవరకు ఎవరూ చూడలేదు, ఇప్పుడు శాలువాతో సహా చూపించబోతున్నారు.

నమోదు 5

కరెంటు ఉంది. లింకు ఉంది. శాలువాలు చాలవు.

ఒక్కో శాలువాకి ఒక సంఘం ఉండాలి, ఒక్కో సంఘం తరఫున ఒకరు నాలుగు మాటలు చెప్పాలి. అది పద్ధతి. మా లంకలో ఉన్న సంఘాలు రెండే, రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. అందుకని మధ్యాహ్నానికల్లా కొత్తవి పెట్టేశాం. ఎండిన బోర్ల యజమానుల సంఘం, ప్యాకెట్ నీళ్ళ వినియోగదారుల సమాఖ్య, వారానికోసారి స్నానం చేయువారి మండలి, మాజీ వరి రైతుల సేవా సమితి. సత్తిబాబుని ఏ సంఘంలోనూ చేర్చుకోకపోతే అలిగి, ఒక్కడే గొడుగులు బాగుచేయువారి సంఘం పెట్టుకున్నాడు. గొడుగు బాగుచేసి వాడికి తొమ్మిదేళ్ళయింది.

భీమశంకరం గారి ట్రంకుపెట్టె తెరిస్తే ఆయనకి జీవితమంతా కప్పిన శాలువాలు బయటపడ్డాయి. ఆయన భార్య వాటిలో సగం దిండు గలీబులుగా కుట్టేశారని అప్పుడే తెలిసింది. కాసేపు ఆ ఇంట్లో వేరే యుద్ధం జరిగింది. చాలనివాటికి దుప్పట్లు, కండువాలు, జరీ అంచు తువ్వాళ్ళు పోగేశాం.

తర్వాత ఆయన అందరికీ పాఠం చెప్పారు. "ఒక్క అబద్ధం ఆడొద్దు. ఒక్క తిట్టు తిట్టొద్దు. ఉన్న నిజాన్నే తీసుకుని పొగడండి. ఎవరైనా కోపం తెచ్చుకుని ఒక్క మాట తూలారో, ఇది గౌరవం కాదు అవమానం అని సభ ముగించేస్తారు, ఆ వెంటనే ఓటు పడిపోతుంది. నవ్వు మొహంతో కప్పండి, దణ్ణం పెట్టి దిగండి."

అప్పుడు చిట్టెమ్మ గారు లేచారు. చేపల చిట్టెమ్మ అంటారు, చేపలు లేకపోయినా. నాలుగేళ్ళ కిందట ఆవిడ కొడుకు ఏడుకొండలుని సైనికులు ఇంటి కప్పు మీదే కాల్చేశారు. ఆ తర్వాత ఆవిడ మీటింగుల్లో నోరు విప్పడం ఎవరూ చూడలేదు.

"నాకూ ఓ శాలువా ఇయ్యండి బాబూ," అన్నారు.

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆవిడ నోటి నుంచి ఏం వస్తుందో ఎవరికి తెలుసు? ఊరు ఊరంతా పోతుందని నాకూ భయం వేసింది. వద్దని చెప్పే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. భీమశంకరం గారు ట్రంకులోంచి తనకిష్టమైన నెమలి రంగు శాలువా తీసి ఆవిడ చేతుల్లో పెట్టారు.

నమోదు 6

పౌర్ణమి. కరెంటు ఉంది. లింకు అదిరిపోయేలా ఉంది.

పొద్దున్నే మా కేంద్రంలో తెర మీద చర్చ మొదలైంది. ముందు కూటమి ప్రతినిధి మాట్లాడాడు. వర్షం ఎక్కడ పడితే అక్కడ పడటం అనాగరికం అన్నాడు. దాన్ని సక్రమంగా వాడుకునే సామర్థ్యం ఉన్నచోటికి చేర్చడమే న్యాయం అన్నాడు. పేదరికానికి కారణం నీళ్ళు లేకపోవడం కాదట, నీళ్ళ మీద సరైన దృక్పథం లేకపోవడమట. ఎండుగడ్డిలా ఉన్న మా పొలాల బొమ్మ చూపించి, స్తంభాలు లేకపోతే వీళ్ళ గతి ఇంకా ఘోరంగా ఉండేదన్నాడు. ఇంతకంటే ఘోరం ఎలా ఉంటుందో మాత్రం చెప్పలేదు.

తర్వాత ఒక మంచిమనసు దేశం ప్రతినిధి కన్నీళ్ళు పెట్టుకుంది. ఆక్రమణ తనకి నిద్ర పట్టనివ్వడం లేదంది. యుద్ధాల గురించి ఎంత అందంగా బాధపడిందంటే, మా ఆడవాళ్ళు కూడా కళ్ళొత్తుకున్నారు. చివర్లో, బరువెక్కిన హృదయంతో పొడిగింపుకే ఓటేస్తానని కూర్చుంది. సముద్రంలో ఎక్కడో ఉన్న ఒక దీవికి కొన్ని క్షణాలే దక్కాయి. దాని ప్రతినిధి లేచి "మేం మునిగిపోయాం" అని కూర్చున్నాడు. అంతకంటే టైము కూడా లేదు.

అప్పుడు మా వంతు వచ్చింది. అధ్యక్షుడు "మొగలంక, ఒక నిమిషం" అన్నాడు.

భీమశంకరం గారు మైకు ముందుకొచ్చారు. ఉతికిన పంచె, నుదుట బొట్టు, ఏడాది తర్వాత వచ్చిన గొంతు. "సభకు నమస్కారం. మా నిమిషంలోకి వెళ్ళే ముందు, మమ్మల్ని కంటికి రెప్పలా కాపాడుతున్న మేజర్ వార్నిక్ గారిని సన్మానించుకోవడం మా కనీస ధర్మం!" అన్నారు. నేను గడియారం వైపు చూశాను. కదల్లేదు.

మేజర్ గారిని పూలకుర్చీలో కూర్చోబెట్టారు. భీమశంకరం గారు మొదటి శాలువా కప్పి సన్మాన పత్రం చదవడం మొదలెట్టారు.

"మహాశయా! తమరి రాకకు పూర్వం ఈ లంకలో ఏటా వరదలు వచ్చేవి. తమరి దయవల్ల వరదల బాధ తప్పింది, ఇప్పుడు గుక్కెడు నీళ్ళ కోసం కూడా వెతుక్కుంటున్నాం. పూర్వం మా రైతులు నడుములు విరిగేలా నాట్లు వేసేవారు. తమరు వారికి శాశ్వత విశ్రాంతి కల్పించారు. పూర్వం మా పిల్లలు వానలో తడిసి జలుబు చేసి బడి మానేసేవారు. ఇప్పుడు జలుబు లేదు, త్వరలో బడి కూడా ఉండదు..."

పత్రం ఒక పేజీ అనుకున్నారు మేజర్ గారు. దాని కింద కట్ట ఉంది.

నమోదు 7

అదే రోజు, మిట్టమధ్యాహ్నం. లింకు వేడెక్కింది, దాని మీద తడిగుడ్డ వేద్దామంటే తడి లేదు.

సంఘాలు వరస కట్టాయి. స్నానాల మండలి అధ్యక్షురాలు, సబ్బు ఖర్చు బాగా తగ్గిందని మేజర్ గారికి ధన్యవాదాలు చెప్పి దుప్పటి కప్పింది. బోర్ల సంఘం ఆయన, బోరు ఎండిపోవడం వల్ల అందులో పిల్లలు పడి మునిగే ప్రమాదం తప్పిందని కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టాడు. సమాఖ్యవాళ్ళు, మా ఆకాశంలోంచి తీసిన నీళ్ళు ప్రపంచమంతా తిరిగొచ్చి మాకే దొరుకుతున్నాయనీ, మా నీళ్ళకి ఉన్న విదేశీ అనుభవం మాకెవ్వరికీ లేదనీ పొంగిపోయారు. ప్రతినిధుల అనువాదం పెట్టెలన్నీ ప్రతి ముక్కనీ ఉన్నదున్నట్టు ప్రపంచానికి చెబుతున్నాయి. మంచిమనసు దేశం ప్రతినిధి మొహం వివర్ణమైంది. మునిగిపోయిన దీవి ఆయన మాత్రం లేచి నిలబడి చప్పట్లు కొడుతూనే ఉన్నాడు. చప్పట్లకి టైము లెక్క లేదు.

కూటమి వాళ్ళకి సంగతి అర్థమైంది. మేజర్ గారి చెవిలో పెట్టుకున్న చిన్న ఫోనులోంచి ఎవరో అరుస్తున్నారని ఆయన ఉలిక్కిపడటం చూస్తే తెలుస్తోంది. వద్దనమంటున్నారు కాబోలు. వద్దంటే మాత్రం, తొమ్మిదేళ్ళుగా రాసుకుంటున్న ప్రజాభిమానం అబద్ధమని ఆయన నోటితో ఆయనే చెప్పినట్టు. ఊరుకుంటే పొద్దు దిగిపోతుంది. ఆయన నోరు తెరుస్తారు, ఇంకో తువ్వాలు వచ్చి భుజం మీద పడుతుంది, నోరు మూసుకుంటారు. ఇప్పటికే ఆయన మొహం మాత్రమే బయట కనబడుతోంది.

శాలువాలు అయిపోయాయి. కింద ఉన్నవి మెల్లగా లాగి వెనక నుంచి మళ్ళీ వరసలోకి పంపించాం. సత్తిబాబు మూడు సంఘాల తరఫున వచ్చాడు, మూడోసారి మీసం పెట్టుకొచ్చాడు. నాకు నవ్వు ఆగలేదు. అధ్యక్షుడు "మేజర్, మీరు అలసిపోయారా?" అని అడుగుతూనే ఉన్నాడు. "దయచేసి చెప్పండి, మీరు అలసిపోయారు కదా?"

నమోదు 8

అదే రోజు, పొద్దు వాలుతుండగా. లింకు ఉంది, అక్షరాలు సరిగా రావు.

చిట్టెమ్మ గారి వంతు వచ్చింది. మెల్లగా మెట్లెక్కి నెమలి రంగు శాలువా మేజర్ గారి మీద కప్పారు. అంచు సర్దారు. మైకు దగ్గరికి రాలేదు, ఆయన ఎదురుగానే నిలబడ్డారు. భీమశంకరం గారే మైకు తీసుకెళ్ళి పట్టుకున్నారు.

"బాబూ, ఈళ్ళందరిలా ఎటకారంగా మాటాడ్డం నాకు సేతకాదు," అన్నారు చిట్టెమ్మ గారు. "ఆ రోజు నాకు జొరం. నోరెండిపోతంటే నీళ్ళని అడిగేను. పేకెట్టుకి డబ్బుల్లేవు. ఓ మబ్బు ముక్క మీ తంబానికి దొరక్కుండా ఇటొచ్చింది. నా కొడుకు ఆ నీళ్ళకోసం పరదా పట్టుకుని కప్పెక్కేడు. మీవోళ్ళు కిందనుంచి దిగమనలేదు, అరవలేదు. కాల్చేరు. తరవాత ఇంట్లోకొచ్చి పరదా కూడా అట్టుకుపోయేరు. ఆడిని కప్పడానికి నాకాడ గుడ్డ లేదు. ఇయ్యాల నిన్ను కప్పమన్నారు, కప్పేను. ఆడికి ఇరవయ్యేళ్ళు. అంతే బాబూ."

ఎవరూ కదల్లేదు. నవ్వుతూ కప్పమని చెప్పిన భీమశంకరం గారు మైకు పట్టుకునే ఏడుస్తున్నారు. ఊరు పోయింది అనుకున్నాను. ఇందులో పొగడ్త ఎక్కడుంది?

అధ్యక్షుడి గొంతు ఉత్సాహంగా వినబడింది. "మేజర్, ఇది గౌరవం కాదు, ఆరోపణ. అవమానం. ఒక్క మాట చెప్పండి, ఈ కార్యక్రమం ముగిస్తాం. వెంటనే ఓటుకి వెళ్దాం."

మేజర్ గారు అన్ని గుడ్డల కింద నుంచి చిట్టెమ్మ గారి వైపే చూస్తున్నారు. ఆయన మొహం మీద చెమట ధారగా కారుతోంది. చెవిలోంచి ఆ ఫోను పీకి కింద పడేశారు. నేను గడియారం మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను.

"గౌరవమే," అంది పెట్టె. "కొనసాగించుడు."

అని ఆయన తర్వాతి తువ్వాలు కోసం మెడ వంచారు.

నమోదు 9

మర్నాడు. కరెంటు లేదు, గాలివాన. లింకు లేదు, అవసరమూ లేదు. దీపం పెట్టుకుని రాస్తున్నాను.

నిన్న సత్తిబాబు నాలుగోసారి వచ్చి, గొడుగుల చరిత్ర మొదలుపెట్టి మధ్యలో ఉండగా పొద్దు గూకింది. అనుమతి ముగిసింది. మాకిచ్చిన ఒక్క నిమిషం వాడుకోకుండా అలాగే మిగిలిపోయింది. స్తంభాలు ఆపొద్దని కూటమి నుంచి కబురొచ్చిందట. మేజర్ గారు తానే ఒడ్డుకి వెళ్ళి రెండు మీటలూ దించేశారు. సైన్యానికి పడవలు ఎల్లుండి వస్తాయి. వచ్చే ఏడాది మళ్ళీ చర్చ ఉంటుంది, మళ్ళీ పూటంతా వాళ్ళదే. ఈలోగా రూలు మార్చేస్తారు, పొగడ్తలకి కూడా గడియారం పెడతారు. మాకు దొరికింది ఒక్క వానాకాలం.

తెల్లవారుతుండగా వాన మొదలైంది. గంట తిరక్కుండా ఊరు ఊరంతా నా మీద పడింది, ఇళ్ళు కారుతున్నాయని. తొమ్మిదేళ్ళుగా ఎవరూ కప్పులు నేయలేదు. ఆపరేటర్ ఏం చేస్తుందండి అంటే, చిట్టాలో అయినా రాయమన్నారు. రాశాను. భీమశంకరం గారు వానలో తడుస్తూ వీధివీధికీ తిరిగి అందరి పేర్లూ పిలిచి కృతజ్ఞతలు చెబుతున్నారు. ఇవాళ ఎవరూ ఆయన్ని మధ్యలో ఆపలేదు.

నేను చిట్టెమ్మ గారింటికి వెళ్ళాను. పడకటింట్లో కారుతుంటే ఇద్దరం కలిసి మంచం పక్కకి జరిపాం. గిన్నెలు పెట్టాం.

వాకిట్లో ఎవరో నిలబడినట్టు అనిపించి చూస్తే మేజర్ గారు. తుపాకీ లేదు. మెడలో పెట్టె లేదు. వాన నెత్తి మీద పడుతోంది, చూరు కిందకి కూడా రాలేదు.

"లోపలికి..." అన్నారు సొంత గొంతుతో, మాటలు కూడబలుక్కుంటూ. "లోపలికి రావచ్చా, అమ్మా?"

మా లంకలో గుమ్మం ముందుకొచ్చిన మనిషిని రావద్దనడం ఎరగం. బాకీ వసూలుకొచ్చినవాడికి కూడా కుర్చీ వేసి మంచినీళ్ళిస్తాం. నా నోట్లో అలవాటుగా "రండి" అన్న మాట సగం వచ్చేసింది. చిట్టెమ్మ గారు నా చెయ్యి పట్టుకుని నొక్కారు. ఆయన వైపు చూశారు. ఆ చూపులో కోపం కూడా కనిపించలేదు నాకు.

"వద్దు," అన్నారు.

తొమ్మిదేళ్ళ అలవాటు కదా, గడప మీద బూటు పడుతుందని నేను బిగుసుకుపోయి చూస్తున్నాను. ఆయన తల ఊపారు. ఒక అడుగు వెనక్కి వేశారు. రాలేదు.